సీలింగ్ స్పీకర్లు: జిప్సం బోర్డు ఎక్కక ముందే ఏమేం చేయించుకోవాలి?

పోరంకి_కొత్తిల్లు:

నమస్కారం అండి. పోరంకిలో జీ ప్లస్ వన్ ఇల్లు. కింద మేం ఉంటాం, పైది అద్దెకి. గోడలకి పుట్టీ ఒక కోటు అయింది. ఫాల్స్ సీలింగ్ మేస్త్రీ జీఐ ఫ్రేము కొడుతున్నారు, వారంలో బోర్డు ఎక్కించేస్తానంటున్నారు. ఈలోపే స్పీకర్ల సంగతి తేల్చుకోవాలి.

కొలతలు: హాలు 22 × 14 అడుగులు. టీవీ 22 అడుగుల గోడకి మధ్యలో, సోఫా దాని ఎదురు గోడకి ఆనించి. హాల్లో 48 అంగుళాల ఫ్యాన్లు రెండు, పొడవుని రెండు సగాలు చేస్తే ఒక్కో సగానికి నట్టనడుమ ఒక్కోటి. హాలుని ఆనుకుని డైనింగ్ 11 × 10, దాని పక్కన వంటగది 10 × 9. స్లాబు ఎత్తు 10 అడుగుల 6 అంగుళాలు. సీలింగ్ 8 అంగుళాలు దించుతున్నారు.

పొద్దున పూట పాటలు ఇల్లంతా సన్నగా వినపడాలి. పండగలకి నలుగురూ వచ్చినప్పుడు కాస్త గట్టిగా రావాలి. రాత్రి టీవీలో సినిమా చూస్తే థియేటర్ ఫీల్ కొంతైనా ఉండాలి. అమ్మేవాళ్లు హాల్లో ఆరు పెట్టేయండి, టీవీ సౌండు కూడా పైనుంచే వస్తుంది, కింద స్పీకర్లే అక్కర్లేదు అన్నారు. ఎలక్ట్రీషియనేమో కోవ్ లైట్ల (సీలింగ్ అంచు గాడిలో దాచే లైట్లు) పైపులోనే స్పీకరు వైరు లాగేస్తాను, వేరే పైపు దండగ అంటున్నారు. ఆయన తెచ్చింది పారదర్శకంగా ఉండే సన్న వైరు, 14/36 అన్నారు.

నా సందేహాలు: ఎన్ని స్పీకర్లు, ఎక్కడెక్కడ? ఏ వైరు? రంధ్రాలు ఇప్పుడే కోయించాలా, పెయింటు అయ్యాకా? స్పీకరు వెనక పెట్టె తప్పనిసరా, లేకపోతే పైన అద్దెకున్నవాళ్లకి సౌండు వెళ్తుందా? అన్నీ ఒకే యాంప్లిఫయర్ మీద నడుస్తాయా?


వైర్‌మ్యాన్_బ్రాడీపేట:

ముందు ఆ లైట్ల పైపు సంగతి ఆపించండి సార్. 230 వోల్టుల వైర్లున్న పైపులో స్పీకరు వైరు వెయ్యకూడదు. జుయ్‌మనే హమ్ వస్తుందని చాలామంది భయపడతారు గానీ అది చిన్న విషయం. లాగేటప్పుడు ఫేజు వైరు ఇన్సులేషన్ ఎక్కడో గీరుకుపోయి స్పీకరు వైరుకి తగిలిందంటే, కరెంటు నేరుగా యాంప్లిఫయర్ వెనక టెర్మినళ్ల మీదకి వస్తుంది. వాటిని మనం చేత్తోనే ముట్టుకుంటాం. పైపు వేరు, జంక్షన్ బాక్సు వేరు. కరెంటు పైపుతో సమాంతరంగా వెళ్లాల్సి వస్తే మధ్యలో అడుగు దూరం ఉంచండి. దాటాల్సి వస్తే అడ్డంగా, తొంభై డిగ్రీల్లో దాటించండి.

టీవీ యూనిట్ వెనక నుంచి సీలింగ్ పైదాకా 25 ఎంఎం పీవీసీ పైపులు నాలుగు నిలబెట్టండి. మూడు ఇప్పటికి, ఒకటి ఖాళీగా, లోపల జీఐ తీగ వేసి వదిలెయ్యడానికి. ఒక్కో పైపులో మూడు జతల వైర్లకి మించి కుక్కొద్దు. టీవీ వెనక ప్యానెల్ వస్తుంది కాబట్టి గాడి అక్కడే కొట్టించండి, పుట్టీ కోటు చెడినా కనపడదు. సీలింగ్ పైన ఫ్లెక్సిబుల్ పైపు చాలు. కానీ దాన్ని బోర్డు మీద పడెయ్యకుండా స్లాబుకి క్లాంపులు కొట్టించండి. ఉత్త వైరు వదిలితే ఎలుకలు వదలవు, ఇండిపెండెంట్ ఇళ్లలో మరీను.

ఇక వైరు. 14/36 అంటే 36 గేజీ పోగులు 14. మొత్తం కలిపితే 0.4 స్క్వేర్ ఎంఎం చుట్టూ ఉంటుంది. 12 మీటర్ల దూరానికి పోనూరానూ 24 మీటర్లు, అంటే వైరులోనే ఒక ఓమ్ దాకా రెసిస్టెన్స్. 8 ఓమ్స్ స్పీకరుకి వైరు రెసిస్టెన్స్ 5 శాతం, అంటే 0.4 ఓమ్ దాటకుండా చూసుకుంటాం. ఆ లెక్కన 1.5 స్క్వేర్ ఎంఎం మల్టీస్ట్రాండ్ రాగి వైరు 15 మీటర్ల దాకా సరిపోతుంది, 2.5 అయితే 25 మీటర్ల దాకా. 4 ఓమ్స్ స్పీకరైతే ఈ దూరాలు సగానికి పడిపోతాయి.

మీ ఇంటికి నా అంచనా, ఒక మీటరు వదులు కలిపి: టీవీ వైపు వరుస ఒక్కోదానికి 8 మీటర్లు, సోఫా వైపు వరుస ఒక్కోదానికి 12, డైనింగ్‌కి 14, 15, వంటగదికి 18. వంటగది ఒక్కటీ హద్దు దాటింది గానీ 18 మీటర్లకి 1.5 వైరులో పోయేది అర డెసిబెల్. చెవికి తెలియదు. దానికోసం 2.5 కొనక్కర్లేదు.

స్పీకరు కేబులే అక్కర్లేదు కూడా. ఐఎస్ 694 ముద్ర ఉన్న 1.5 ఎఫ్‌ఆర్ (మంట త్వరగా పాకని) హౌస్ వైరు రెండు రంగులవి మెలేసి వాడినా పని అంతే బాగా జరుగుతుంది. ఒక్కటే జాగ్రత్త: ఇంట్లో ఫేజుకి, న్యూట్రల్‌కి, ఎర్త్‌కి వాడిన రంగులు వీటికి వాడొద్దు. రేపు ఇంకెవరో వచ్చి చూస్తే లైటు వైరనుకుని కరెంటు కలిపేస్తారు. రెండు చివర్లా "స్పీకరు, హాలు ఎడమ వెనక" అని మార్కరుతో రాసిన టేపు చుట్టండి.

స్పీకరు కేబులే కొంటానంటే రాగి పూత వేసిన అల్యూమినియం అంటగడతారేమో చూసుకోండి. బయటికి ఎర్రగానే ఉంటుంది. బ్లేడుతో ఒక పోగుని గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. కాయిల్ చేత్తో ఎత్తితే తేలిక. అదే సైజు రాగితో పోలిస్తే దూరం మూడింట రెండు వంతుల లోపే పనికొస్తుంది. అంతకన్నా చికాకు, స్క్రూ కింద బిగించిన చోట కొన్నాళ్లకి వదులై గరగరమంటుంది.

బోర్డు ఎక్కే ముందు ఒకసారి, ఎక్కాక ఇంకోసారి మీటరు పెట్టి చూడండి. స్పీకరు చివర రెండు తీగలూ కలిపి, టీవీ దగ్గర కొలిస్తే ఒక ఓమ్ లోపు రావాలి. కలిపింది విడదీస్తే ఓపెన్ చూపాలి. ఎక్కాక రీడింగు మారిందంటే డ్రైవాల్ స్క్రూ వైరులో దిగినట్టే. బోర్డు ఎక్కిన రోజే అయితే ఆ ఒక్క స్క్రూ తీయించొచ్చు. పెయింటు అయ్యాక సీలింగే కొయ్యాలి.


హోమ్‌థియేటర్_పటమట:

వైరు గురించి పైన చెప్పింది కరెక్టు. నేను స్పీకర్లు ఎక్కడ పెట్టాలో చెప్తాను.

హాల్లో ఆరు వద్దు, నాలుగు చాలు. మీ సీలింగ్ పూర్తయ్యాక నేల నుంచి 9 అడుగుల 10 అంగుళాలు. సోఫాలో కూర్చున్నవాళ్ల చెవి మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. మిగిలింది 6 అడుగుల 4 అంగుళాలు. స్పీకరు శబ్దం నిటారు గీతకి ఇటు 45, అటు 45 డిగ్రీలు బాగా పరుచుకుంటుందనుకుంటే, చెవి ఎత్తులో అది దాదాపు పన్నెండున్నర అడుగుల వలయం. కాబట్టి పొడవులో రెండిటి మధ్య 11 అడుగులు, గోడ నుంచి 5.5. వెడల్పులో రెండిటి మధ్య 7, గోడ నుంచి 3.5. గోడకి దూరం, స్పీకర్ల మధ్య దూరంలో సగం ఉండాలనేదే సూత్రం. గోడకి రెండడుగుల లోపు మాత్రం పెట్టొద్దు. గోడకి కొట్టుకుని వచ్చే శబ్దం కలిసి మాట ముద్దగా వస్తుంది.

ఫ్యాన్ల సంగతి ఎవరూ అడగరు, మన దగ్గర అదే ముఖ్యం. స్పీకరు కింద రెక్కలు తిరుగుతుంటే శబ్దం తెగి తెగి, వణికినట్టు వినపడుతుంది. హార్మోనియం, వేణువు లాంటి సాగదీసే స్వరాల్లో వెంటనే దొరికిపోతుంది. 48 అంగుళాల ఫ్యానుకి మధ్య నుంచి రెక్క చివరికి 2 అడుగులు. మీ లెక్కలో స్పీకరు మధ్య నుంచి ఫ్యాను మధ్యకి 3.5 అడుగులు వస్తోంది. రెక్క చివరికీ స్పీకరు అంచుకీ అడుగు పైనే ఖాళీ మిగులుతుంది. అదృష్టం కొద్దీ సరిపోయింది. ఫ్యాను స్థానం అంగుళాల్లో మారినా మళ్లీ టేపు పెట్టి చూసుకోండి.

టీవీ సౌండు పైనుంచే అన్నది నమ్మొద్దు. హీరో పెదాలు ఎదురుగా కదులుతుంటే మాట నడినెత్తి మీంచి రావడం పది నిమిషాలు సరదాగా ఉంటుంది, ఆ తర్వాత విసుగు. ముందు ఎడమ, ముందు కుడి, సెంటర్ ఈ మూడూ టీవీ గోడ మీదే చెవి ఎత్తుకి దగ్గరగా ఉండాలి. సబ్‌ఊఫర్ కూడా నేల మీదే. సీలింగ్‌లో ఆరున్నర అంగుళాల స్పీకరు ఎంత మంచిదైనా కింది బేస్ ఇవ్వలేదు. పక్క గోడల మీద సరౌండ్‌కి (సినిమాలో చుట్టుపక్కల శబ్దాల స్పీకర్లకి) రెండు పాయింట్లకి పైపులు ఇప్పుడే వేయించేయండి. స్పీకర్లు సంవత్సరం తర్వాత కొనుక్కున్నా నష్టం లేదు.

మీకు ఇంకో లాభం ఉంది. డాల్బీ అట్మాస్‌లో (పైనుంచి కూడా శబ్దం వచ్చే సినిమా సౌండు పద్ధతి) పై స్పీకర్లు రెండే ఉంటే (5.1.2 అంటాం: చుట్టూ అయిదు, సబ్‌ఊఫర్ ఒకటి, పైన రెండు), కూర్చున్న చోటు నుంచి 65 నుంచి 100 డిగ్రీల ఎత్తు కోణంలో ఉండాలి. సోఫా గోడకి ఆనితే చెవి గోడకి అడుగున్నర, రెండడుగుల దూరంలో ఉంటుంది. వెనక వరుస (సోఫా వైపు) స్పీకర్లు గోడ నుంచి 3.5 అడుగులు, అంటే చెవికి ఒకటిన్నర, రెండడుగులు ముందు. కోణం 75 డిగ్రీల దగ్గర పడుతుంది. అంటే పాటల కోసం పెట్టిన వెనక జతే సినిమాకి పై స్పీకర్లుగా పనికొస్తుంది. రెండిటి మధ్య 11 అడుగులు కాబట్టి టీవీకి అటూ ఇటూ ముందు స్పీకర్లు కూడా దాదాపు అంతే దూరంలో పెట్టండి. 5.1.4 (పైన నాలుగు) ఆలోచన వద్దు. దానికి వెనక జత మీ తల వెనక్కి వెళ్లాలి, మీకు అక్కడ గోడే ఉంది.

ఇదంతా పనిచెయ్యాలంటే ఒకటి తప్పదు: ప్రతి స్పీకరు నుంచీ వైరు నేరుగా టీవీ యూనిట్‌కే రావాలి. సీలింగ్ లోపల ఒకదాన్నుంచి ఇంకోదానికి కలిపేశారంటే ఆ తర్వాత ఏదీ మార్చుకోలేరు. వైరు మిగుల్చుదామని ఎలక్ట్రీషియన్లు చేసేది ఇదే, దగ్గరుండి చూసుకోండి.

వంటగదికి స్టీరియో ఇన్‌పుట్ రకం ఒక్కటి చాలు. ఒకే స్పీకరులో రెండు వాయిస్ కాయిల్స్ (శబ్దం పుట్టించే తీగచుట్టలు), రెండు ట్వీటర్లు (సన్న స్వరాలిచ్చే చిన్న స్పీకర్లు) ఉంటాయి. దానికి నాలుగు తీగలు లాగాలి. పొయ్యికి నాలుగైదు అడుగులు దూరంగా పెట్టండి, నూనె ఆవిరి జాలీకి పట్టి జిడ్డు కడుతుంది. ఎక్కడ పెట్టేదైనా కోను (స్పీకరులో కదిలే గిన్నె లాంటి భాగం) చుట్టూ అంచు రబ్బరుదే తీసుకోండి. ఫోమ్ అంచు మన ఉక్కకి కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది.


జిప్సం_మంగళగిరి:

మేస్త్రీకి చెప్పాల్సినవి చెప్తా. ఫ్రేములో సీలింగ్ సెక్షన్లు (బోర్డు బిగించే జీఐ పట్టీలు) 18 అంగుళాలకి ఒకటి వస్తాయి. ఆరున్నర అంగుళాల స్పీకరుకి కటౌట్ (కోయాల్సిన రంధ్రం) 200 నుంచి 210 ఎంఎం. రెండు సెక్షన్ల మధ్య హాయిగా పడుతుంది, కానీ స్పీకరు మధ్య గీత సెక్షన్ మీద పడిందంటే సెక్షన్ కోసేస్తారు. అలా కోసిన చోట బోర్డు సంవత్సరం తిరిగేలోపు జారుతుంది, పగులు గీత కనపడుతుంది. అందుకే ఫ్రేము కొట్టేటప్పుడే నేల మీద సుద్దతో స్పీకర్ల మధ్య బిందువులు గీసి, లేజరో తూకం దారమో పెట్టి పైకి ఎత్తించండి. సెక్షన్ నాలుగంగుళాలు అటో ఇటో జరపడం ఇప్పుడైతే రెండు నిమిషాల పని. కోవ్ లైట్లు, సీఓబీ లైట్లు (సీలింగ్‌లో గుండ్రంగా దిగే ఎల్‌ఈడీలు) కూడా అదే గీతలో పడేటట్టు చూసుకోండి. స్పీకరు, లైటు వంకరటింకరగా ఉంటే తల ఎత్తినప్పుడల్లా కంటికి గుచ్చుకుంటుంది.

లోతు: ఎక్కువ మోడళ్లకి 90 నుంచి 120 ఎంఎం కావాలి. మీది 8 అంగుళాల దింపుడు కాబట్టి బెంగ లేదు. నాలుగంగుళాలే దింపేవాళ్లు ముందే మోడల్ ఎంచుకోవాలి. బోర్డు మందం పోగా 89 ఎంఎం మిగులుతుంది, సన్న రకాలు తప్ప పట్టవు. మీకైనా స్పీకరు సరిగ్గా పైన ఏసీ రాగి పైపు, డ్రైన్ పైపు లేకుండా చూసుకోండి. డ్రైన్ పైపు చెమర్చి చుక్కలు పడితే నేరుగా మాగ్నెట్ మీదే.

12.5 ఎంఎం జిప్సం బోర్డు రెండు మూడు కిలోల స్పీకరుని మోస్తుంది. అయినా రంధ్రం చుట్టూ వెనక 12 ఎంఎం ప్లైవుడ్ రింగు వేసి, రెండు పక్కల సెక్షన్లకీ స్క్రూ చేయించండి. అదిరే చప్పుడు సగం అక్కడే ఆగిపోతుంది. అలా వేస్తే మందం 24.5 అవుతుంది, స్పీకరు క్లాంపులు అంత మందాన్ని పట్టుకుంటాయో లేదో దాని కాగితంలో చూసుకోండి. వీటికి తోడు స్లాబులో ఒక యాంకర్ ఫాస్టెనర్ కొట్టి, స్పీకరు ఫ్రేముకి సన్న జీఐ తీగ కట్టించండి. క్లాంపు విరిగినా కిందున్నవాళ్ల నెత్తిన పడదు.

బోర్డు స్క్రూలు 230 ఎంఎం దూరంలో పడాలి. స్పీకరు ఉన్న బోర్డుకి 150 అయితే మేలు. కొత్త సీలింగ్‌లో జర్‌ర్ అని వచ్చే చప్పుడుకి స్పీకరుని తిడతారు గానీ, చాలాసార్లు అది వదులు స్క్రూ, లేదంటే కోవ్‌లో అంటించకుండా వదిలేసిన ఎల్‌ఈడీ ప్రొఫైల్, పైన ఊరికే పెట్టేసిన డ్రైవరు డబ్బా.

రంధ్రం కోత ఇప్పుడు వద్దు. సీలింగ్‌కి పుట్టీ, సాండ్ పేపర్, ప్రైమర్, మొదటి కోటు అయ్యాక కోయించండి, స్పీకరు పెట్టి జాలీ లేకుండా కవరు కప్పి చివరి కోటు కొట్టించండి. పుట్టీ రుద్దేటప్పుడు లేచే పిండి వాయిస్ కాయిల్ సందులోకి వెళ్తే స్పీకరు గరగరమంటుంది, అది బాగుపడదు. ఇప్పుడు చెయ్యాల్సింది వైరు చివర మీటరు చుట్టి సెక్షన్‌కి కట్టడం, రింగు వెయ్యడం, గోడల నుంచి కొలతలతో ఫోటోలు తీసుకోవడం. టేపు ఫోటోలో కనపడాలి, లేకపోతే తర్వాత ఆ ఫోటో దేనికీ పనికిరాదు.

కోసేటప్పుడు ముందు మధ్యలో చిన్న రంధ్రం పెట్టి, వంచిన తీగ లోపల చుట్టూ తిప్పి ఏమీ తగలట్లేదని చూసుకుని, అప్పుడు సర్కిల్ కట్టరు పెట్టాలి. 3 ఎంఎం మించి పెద్దదైతే క్లాంపులకి పట్టు దొరకదు. క్లాంపుల్ని చేతి స్క్రూడ్రైవరుతోనే బిగించాలి. డ్రిల్లు మెషిన్‌తో బిగిస్తే బోర్డు నలిగిపోతుంది, లేదా ప్లాస్టిక్ చెవి విరుగుతుంది.

మీది జిప్సం కాబట్టి బతికిపోయారు. పీఓపీ పోసే సీలింగ్ అయితే రంధ్రం తర్వాత కోస్తే అంచులు పెళ్లలుగా ఊడతాయి. పోసేటప్పుడే రింగు పెట్టి పోయించుకోవాలి.

జాలీకి రంగు కావాలంటే వెనక గుడ్డ పొర తీసేసి స్ప్రేతో పల్చగా రెండు కోట్లు. రోలర్ పెడితే చిల్లులు పూడుకుపోతాయి.

వెనక పెట్టె గురించి: తప్పనిసరిగా వేయించండి. పైన అద్దెకి ఇస్తున్నారు, రేపు గొడవలు ఎందుకు.


హోమ్‌థియేటర్_పటమట:

పెట్టె విషయంలో నేను ఒప్పుకోనండి. ఆ సలహా అమెరికా వీడియోల నుంచి వచ్చింది. అక్కడ పై అంతస్తుకీ కింది దానికీ మధ్య చెక్క దూలాలు, పలకలే ఉంటాయి. మనకి అయిదంగుళాల కాంక్రీటు స్లాబు ఉంది. మాటలు, పాటలు దాన్ని దాటి పెద్దగా వెళ్లవు. దాటేది బేస్. దాన్ని మందపాటి పెట్టె కూడా పెద్దగా ఆపదు, సబ్‌ఊఫర్ ఎలాగూ నేల మీదే ఉంటుంది. మన గోడలు స్లాబు దాకా లేస్తాయి కాబట్టి పక్క బెడ్‌రూముకి సీలింగ్ మీంచి దారి కూడా ఉండదు. మేడ మీద వాళ్లకి వినపడేది ఎక్కువగా కిటికీలోంచే.

పైగా హాలు మొత్తం మీద 8 అంగుళాల ఖాళీ అంటే రెండు వందల ఘనపుటడుగులు. మామూలు సీలింగ్ స్పీకర్లు అలాంటి పెద్ద ఖాళీని ఉద్దేశించి చేసినవే. దాన్ని చిన్న పెట్టెలో బంధిస్తే ఉన్న కాస్త బేస్ కూడా పోతుంది. కంపెనీ ఇచ్చిన కొలతతో, దాదాపు 15 నుంచి 28 లీటర్ల పెట్టె అయితే ఫరవాలేదు, కొలత చూడకుండా చిన్న డబ్బా కొట్టించి మూసేస్తే మాత్రం గొంతు పిసికినట్టే.


జిప్సం_మంగళగిరి:

సౌండు మాట మీకే వదిలేస్తా. కానీ బల్లులు, దుమ్ము? నేను పెట్టె చెప్పేది వాటికే.


హోమ్‌థియేటర్_పటమట:

దానికి పెట్టె అక్కర్లేదు. గాలి ఆడే పల్చటి పాలిస్టర్ దూది పొర పైన కప్పితే సరిపోతుంది. థర్మాకోల్ మాత్రం వాడొద్దు, దగ్గర్లో ఎల్‌ఈడీ డ్రైవర్లు ఉంటాయి, నిప్పు అంటుకుంటే ఆగదు.


పోరంకి_కొత్తిల్లు:

చాలా థాంక్స్ అండి. మేస్త్రీ చేత సెక్షన్లు జరిపిస్తున్నా. వైరు 1.5 హౌస్ వైరు తెప్పిస్తున్నా. ఇప్పుడు యాంప్లిఫయర్ లెక్క చెప్పండి. హాలు 4, డైనింగ్ 2, వంటగది 1 స్టీరియో రకం. అమ్మేవాళ్లు ఒక్కటే రెండు ఛానెళ్ల బ్లూటూత్ యాంప్లిఫయర్ చూపించి, ఎడమవన్నీ ఒక దానికి, కుడివన్నీ ఒక దానికి కలిపేయండి అంటున్నారు. లేదంటే కాలేజీల్లో, గుళ్లలో పెట్టే 100 వోల్టుల రకం పెట్టుకోమంటున్నారు.


వైర్‌మ్యాన్_బ్రాడీపేట:

అలా కలిపితే ఎడమ ఛానెల్ మీద హాలువి రెండు, డైనింగ్‌ది ఒకటి, వంటగది ఒక కాయిల్, మొత్తం నాలుగు 8 ఓమ్స్ పక్కపక్కన. నాలుగూ కలిపి 2 ఓమ్స్. యాంప్లిఫయర్ 8 ఓమ్స్‌కి 50 వాట్స్ ఇస్తుందంటే దాని అవుట్‌పుట్ 20 వోల్టులు, కరెంటు రెండున్నర ఆంపియర్లు. అదే 20 వోల్టులకి 2 ఓమ్స్ పెడితే 10 ఆంపియర్లు అడుగుతుంది. సన్నగా పెట్టుకున్నంతసేపూ ఏమీ తెలియదు. పండగ రోజు వాల్యూమ్ పెంచగానే తనను తాను కాపాడుకునే ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోతుంది, ప్రొటెక్షన్ లేని చౌక రకమైతే అవుట్‌పుట్ ఐసీ పోతుంది.

నా మాట: హాలుకి ఏవీ రిసీవర్ (టీవీ సౌండుని ఒక్కో స్పీకరుకీ విడదీసి పంపే యాంప్లిఫయర్). సీలింగ్‌లో వెనక జత దాని హైట్ (పై స్పీకర్ల) ఛానెళ్లకి. సీలింగ్‌లో హాలు ముందు జత, డైనింగ్ జత, ఈ రెండూ పాటలకే కాబట్టి విడిగా ఇంకో యాంప్లిఫయర్. వెనక "4 ఓమ్స్" అని రాసి ఉన్నదే తీసుకోండి. హాలు ముందు జత, డైనింగ్ జత పక్కపక్కన కలిపితే ఛానెల్‌కి 4 ఓమ్స్, అక్కడితో ఆపండి. వంటగదికి 20 వాట్స్ చిన్న యాంప్లిఫయర్ వేరుగా పెట్టుకుంటే, అక్కడ పాట వద్దనుకున్నప్పుడు అది ఒక్కటీ ఆపుకోవచ్చు.

పెద్ద వాట్స్ కోసం డబ్బు పొయ్యకండి. 88 డెసిబెళ్ల సెన్సిటివిటీ (ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో వచ్చే శబ్దం) ఉన్న స్పీకరుకి 10 వాట్స్ ఇస్తే మీటరు దూరంలో 98 డెసిబెళ్లు. సోఫాలో, అంటే రెండు మీటర్ల దూరంలో 92. ఇంట్లో మాట వినపడనంత గట్టి అది. వాట్స్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లే.

100 వోల్టుల లైన్ చెడ్డది కాదు, దాని చోటు వేరు. అహూజా లాంటి వాళ్ల సీలింగ్ స్పీకర్లలో ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. 6 వాట్స్ ట్యాప్ (ట్రాన్స్‌ఫార్మరు మీద వాట్స్ ఎంచుకునే తీగ) పెడితే ఆ స్పీకరు లైనుకి 1,667 ఓమ్స్‌లా కనపడుతుంది, కాబట్టి ఒకే జత వైరు మీద ఎన్నో స్పీకర్లు, ఎంతో దూరం నడుస్తాయి. ట్యాపుల మొత్తం యాంప్లిఫయర్ వాట్స్‌లో 80 శాతం దాటకుండా చూసుకోవాలి. 60 వాట్స్ దానికి 6 వాట్స్ ట్యాపులు ఎనిమిది. ఫంక్షన్ హాలుకి, ఆసుపత్రి వరండాకి అదే సరైనది. ఇంట్లో ఏడు స్పీకర్లకి, అదీ సినిమా కూడా కావాలన్నప్పుడు వద్దు. ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో బేస్ మింగుడుపడదు. రెండు రకాలూ పొరపాటున కలిస్తే ప్రమాదం: ట్రాన్స్‌ఫార్మరు లేని 8 ఓమ్స్ స్పీకరుని 100 వోల్టుల లైను మీద పెట్టి పూర్తి వాల్యూమ్ ఇస్తే లెక్క ప్రకారం 1,250 వాట్స్ లాగాలి. యాంప్లిఫయర్ అంత ఇవ్వలేదు, కానీ ఇచ్చినదానికే కాయిల్ మాడుతుంది.

పెట్టే చోటు కూడా చూసుకోండి. టీవీ యూనిట్‌లో తలుపు మూసిన గూట్లో రిసీవర్ పెడితే మే నెలలో వేడికి ఆగిపోతుంటుంది. పైన నాలుగంగుళాలు, వెనక రెండంగుళాలు ఖాళీ, తలుపుకి జాలీ ఉండాలి. ఈ థ్రెడ్ చదివే విజయవాడ సింగ్‌నగర్ వైపు గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు 2024 సెప్టెంబరు బుడమేరు నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయో గుర్తుంచుకుని యాంప్లిఫయర్లు, వైర్ల జాయింట్లు కింది అరలో పెట్టకండి.


పోరంకి_కొత్తిల్లు:

స్పీకర్లు బిగించాక ప్లస్ మైనస్ సరిగా పడ్డాయో లేదో ఎలా తెలుస్తుంది? ఏడింటికీ పైకెక్కి చూడక్కర్లేకుండా?


వైర్‌మ్యాన్_బ్రాడీపేట:

జాలీ పెట్టకముందు చెయ్యండి, నిచ్చెన అక్కర్లేదు. టీవీ దగ్గర యాంప్లిఫయర్ నుంచి వైర్లు పీకేసి, ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ సెల్ ప్లస్‌ని ప్లస్ వైరుకి, మైనస్‌ని మైనస్‌కి క్షణం పాటు తాకించండి. కింద నిలబడి ఇంకొకరు చూడాలి. కోను గది వైపు, అంటే కిందకి ఉబికితే సరే. పైకి లోపలికి పోతే ఆ వైరు రెండు చివర్లలో ఎక్కడో తారుమారైంది, టీవీ దగ్గరే మార్చేసుకోవచ్చు. 9 వోల్టుల బ్యాటరీ వద్దు, ఎక్కువసేపు తాకిస్తే కాయిల్‌కి మంచిది కాదు. 100 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు ఉన్నవాటికి ఈ పద్ధతి పనికిరాదు. ఒక్కటి తిరగబడినా రెండు స్పీకర్ల మధ్యలో కూర్చున్నప్పుడు బేస్ మాయమై, గొంతు ఎటునుంచి వస్తోందో తెలియనట్టు ఉంటుంది. వంటగది దానికి రెండు కాయిల్స్‌నీ విడివిడిగా చూడాలి, అందులో ఒకటి తిరగబడితే ఆ స్పీకరు మూగదానిలా పలుకుతుంది.